హవల్దారు కూర్చోలేదు

మా నాయన ఏసుదాసు నా పెళ్లికి అడ్డం చెప్పింది ఒక్కసారే. దానికి కారణం పెళ్లికొడుకు మర్యాద. మర్యాద ఎక్కువై సంబంధం చెడిపోబోయిన ఇల్లు పెనుకొండ మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

అది డెబ్భై తొమ్మిది ఎండాకాలం. నేను మిలిటరీ నర్సింగ్‌లో కెప్టెన్‌ని. పఠాన్‌కోట్ నుంచి రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చాను. నాయన రైల్వేలో గ్యాంగు మేస్త్రి. అమ్మ లేదు. ఇంట్లో నాయన, అవ్వ సుంకమ్మ, వాకిలి నిండా చింతపండు. హిందూపురం మండీ వాళ్లు బస్తాలు పంపేవాళ్లు. అవ్వ, ఎదురింటి ఖైరున్‌బీ కూర్చుని పెంకు తీసి, ఈనెలు లాగి, రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజలు రాల్చేవాళ్లు. నేను డబ్బు పంపుతున్నా అవ్వ ఆ పని మానలేదు.

"చేతులు ఊరికే పెట్టుకోని ఏం చేయల్ల? నీ మాదిరి సెల్యూట్లు కొట్టుకుంటా తిరగల్నా?" అనేది.

మిలిటరీలో సెల్యూట్లు కొట్టేది నేనేనని మా ఇంట్లో అందరి నమ్మకం. నాకు కూడా కొట్టేవాళ్లు ఉన్నారని చెప్పాలని ఎప్పుడూ తోచలేదు. ఇంటికొచ్చాక నేను నీళ్లు మోసే సలోమినే కదా.

వచ్చిన వారంలోనే నాయన ముందు మాట తీశాను. ఆయన డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నాయనా, నేనొకాయన్ని చేసుకోవాలనుకుంటాండా."

"ఎవురు?"

"తిప్పేస్వామి అని. మా ఆసుపత్రిలోనే హవల్దారు. మన పక్కే, అగళి."

"కన్నడపోళ్లా?"

"ఇంట్లో అదీ మాట్లాడతారు, ఇదీ మాట్లాడతారు."

"ఏ కులమోళ్లు?"

చెప్పాను. భూములున్న రైతు కులం. నాయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. చిన్నప్పుడు ఆయన ఆ కులం వాళ్ల ఇళ్ల ముందు నిలబడి, వాళ్లు ఎత్తునుంచి పోస్తే దోసిలి పట్టి నీళ్లు తాగినవాడు. ఆ సంగతి నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అవ్వ చెప్పింది.

"మనమేమిటో ఆ పిల్లోనికి తెలుసునా?"

"తెలుసు నాయనా."

"సరే. రమ్మను. చూస్తాం."

ఇక ఆ పిల్లోడి సంగతి. పిల్లోడంటే ముప్పై ఐదేళ్లవాడు. వార్డులో గాయాలకు కట్టు కట్టడంలో ఆయన చెయ్యి పడితే నొప్పి తెలియదని జవాన్లు చెప్పుకునేవాళ్లు. డెబ్భై ఒకటి యుద్ధంలో లారీల నిండా దెబ్బతిన్నవాళ్లను తెచ్చి దించుతుంటే, ఆ గోలలో ఎవరో "యాడ పెట్టినానప్పా కత్తెర" అని తనలో తాను గొణుక్కోవడం వినిపించింది. ఊరు వదిలి అంత దూరం వచ్చాక ఆ "యాడ" విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కత్తెర నా జేబులోనే ఉంది. ఇచ్చాను. అక్కడ మొదలైంది. తర్వాత ఎనిమిదేళ్లు ఆయన ఒక్క మాట మీరి మాట్లాడలేదు. నేను కోపంలో అరిస్తే "యెస్ మేడమ్" అని వెళ్లి, కాసేపటికి నిమ్మకాయ నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి పోయేవాడు. చివరికి అడిగింది కూడా నేనే. ఆయన చేతిలో దూది, మందుల ట్రే ఉంది.

"తిప్పేస్వామీ, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అన్నాను.

"ఒక్క నిమిషం ఇది పట్టుకోండి మేడమ్," అని ట్రే నా చేతికిచ్చి, మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుని, మళ్లీ ట్రే తీసుకుని "సరే మేడమ్" అన్నాడు.

సరే అంటే సరిపోదు. ఆఫీసరు, జవాను పెళ్లి చేసుకోవడం మా లోకంలో జరిగే పని కాదు. ఇద్దరిలో ఒకరు యూనిఫాం విప్పాలి. నేను విప్పుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఏప్రిల్‌తో ఆయనకు పదిహేనేళ్లు నిండి పెన్షన్ వస్తుంది. ఇంకో ఏడాది ఉంటే నాయబ్ సుబేదారు అయ్యేవాడు. అది వదులుకుని పేరు కొట్టించుకోవడానికి అర్జీ పెట్టి, తనూ సెలవు మీద అగళి వచ్చాడు. పైనుంచి నా పెళ్లికి అనుమతి నేను తెచ్చుకున్నాను. మిగిలింది మా నాయన ఒప్పుకోవడం. నాయన కాదంటే నేను చేసుకునేదాన్ని కాదు. ఆ మాట తిప్పేస్వామికి ముందే చెప్పాను.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక వచ్చాడు. అగళి బస్సులో హిందూపురం, అక్కడినుంచి రైల్లో పెనుకొండ. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, మొహం కనిపించేట్టు పాలిష్ పెట్టిన బూట్లు. ఇంట్లో నన్ను మేడమ్ అనొద్దని ముందే చెప్పి పెట్టాను. అనలేదు. గుమ్మంలో బూట్లు విడిచి, లోపలికొచ్చి, నాయనకూ అవ్వకూ నమస్కారం పెట్టి, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. నేను మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని ఉన్నాను.

నాయన తన స్టూలు జరిపాడు. "కూసోప్పా."

"పర్వాలేదండీ."

అవ్వ గ్లాసుతో టీ తెచ్చింది. ఆయన అందుకోలేదు. "ఆడ పెట్టవ్వా, తర్వాత తాగుతా" అన్నాడు.

నిలబడే ఉండి చెప్పాల్సిందంతా చెప్పాడు. తన పెన్షన్ సంగతి, అగళిలో తమ భూమి సంగతి, తల్లికి చెప్పానని, ఆమె ఇంకా ఔననలేదు కాదనలేదని, దాచకుండా చెప్పాడు. నాయన మళ్లీ ఒకసారి "కూసో" అన్నాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చిన్నగా నవ్వాడు, అంతే. నేను కుర్చీలో కూర్చుని, మాటలు బాగా సాగుతున్నాయని లోపల మురిసిపోతున్నాను. రైలుకు వేళైందని ఆయన వెళ్లిపోయాడు.

నాయన ఆ టీ గ్లాసు తీసుకుని పెరట్లోకి పోయి మునగచెట్టు మొదట్లో పారబోశాడు. గ్లాసు కడిగి బోర్లించి వచ్చి, "ఈ సంబంధం వద్దమ్మా" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"వద్దు. అంతే."

నాకు ఒళ్లు మండింది. నా కోపం మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లకు కూడా తెలుసు. కారణం చెప్పమన్నాను. చెప్పలేదు. అరిచాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని లైను మీదికి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు తప్ప మాటల్లేవు. నాయన మొహంలో నేనెప్పుడూ చూడని చిన్నబోవడం ఒకటి కనిపించింది, దాన్ని కోపం కింద దాచుకుంటున్నాడు. అది చూసి నా అరుపు నాకే సిగ్గనిపించింది.

చివరికి అవ్వ దగ్గర చింతపండు ముందు కూలబడ్డాను.

"నాయనకు ఆయనలో ఏం నచ్చలేదవ్వా?"

అవ్వ సుత్తి ఆపింది. "నీకు కండ్లు లేవా? అంతసేపు ఉండి కూసోకపాయె. గ్లాసు ముట్టకపాయె. మన ఇంట్లో కూసుంటే మైలని అనుకునేటోడు నిన్నెట్ల ఏలుకుంటాడు?"

ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఖైరున్‌బీ బిత్తరపోయి చూసింది. నేను ఆయన్ని ఎనిమిదేళ్లలో కూర్చుని ఉండగా చూడనే లేదు. నేను కుర్చీలో, ఆయన ట్రే పట్టుకుని బల్ల పక్కన. మా ప్రేమంతా అలాగే సాగింది. ఆఫీసరు ముందు జవాను కూర్చోడు, ఏమీ తాగడు. కూర్చోమని ఆఫీసరే చెప్పాలి. మేడమ్ అనొద్దని చెప్పిన నాకు, కూర్చోమని చెప్పాలన్న సంగతి తట్టనే లేదు. ఆయన నిలబడి ఉండటం నాకు కంటికి ఆనలేదు.

నాయన ఇంటికి రాగానే చెప్పాను. ఆయన నమ్మలేదు.

"రైతు కొడుకు నీకు లేచి నిలబడినాడా? ఎవురికి చెప్తావు? ఏసుదాసు కూతురికి?"

"ఆడ నేను ఆఫీసర్ని నాయనా. నాకు వాళ్లే సెల్యూట్ కొడతారు."

నాయన నన్ను కొత్తగా చూశాడు. అవ్వ కూడా. నీళ్లు మోసే నా చేతుల వైపు చూశారు. ఆయనకు నమ్మాలనే ఉంది. కానీ పుట్టినప్పటినుంచి ఆయన చూసినదంతా దానికి ఎదురు.

చివరికి అన్నాడు: "నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. నీ భుజం మింద చుక్కలకు నిలబడినాడు. బాగుండాది. ఆ చుక్కలు ఆడనే ఉంటాయి. ఈడ ఉండేది నేనూ, మీ అవ్వ. నా ముందర కూసుంటాడా? అది చెప్పు."

కూర్చుంటాడనే నా నమ్మకం. నమ్మకాన్ని పెళ్లి చేసుకుంటానని నాయనకు ఎలా చెప్పను?

హిందూపురంలో మార్కెట్ దగ్గర హోటల్లో తిప్పేస్వామిని కలిశాను. అక్కడ కూడా నేను బెంచీ మీద కూర్చుంటే ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు. వడ్డించేవాడు రెండుసార్లు ఆయన్ని తప్పుకుని పోయి, మూడోసారి ఊరుకోలేదు.

"ఏమప్పా, కూసుంటావా, పోతావా? దోవకడ్డం ఉండావు."

"కూర్చో తిప్పేస్వామీ," అన్నాను.

కూర్చున్నాడు. బెంచీ అంచున, వీపు నిటారుగా. నాకు కోపం పోయి నవ్వొచ్చింది.

"మా ఇంట్లో ఎందుకు కూర్చోలేదు?"

"మీరుండారు గదా మేడమ్."

నాయన ఏమనుకున్నాడో చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. నాయన అడిగిన మాట కూడా చెప్పాను. బల్ల మీద గ్లాసు తడి వేలితో తుడుస్తూ ఆలోచించాడు. సంజాయిషీ చెప్పలేదు, ఒట్లు పెట్టలేదు.

"మీరు ఇంట్లో లేని దినం ఏది మేడమ్?"

"గురువారం ధర్మవరం పోతాండా, మా చిన్నమ్మను చూసేదానికి. ఎందుకు?"

"ఊరికే," అన్నాడు.

గురువారం ధర్మవరంలో చిన్నమ్మ మగ్గం పక్కన కూర్చుని ఏం మాట్లాడానో నాకే తెలియదు. సాయంత్రం బండి దిగి మా వీధి మొదట్లోకి వచ్చేసరికి ఖైరున్‌బీ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది.

"పోయి చూడు సలోమమ్మా. మీ ఇంట్లో మిలిటరీ దిగుండాది."

వాకిట్లో గోనెపట్టా మీద అవ్వ, ఆమె ఎదురుగా తిప్పేస్వామి. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బాసింపట్టు వేసుకుని, చేతిలో సుత్తి. ముంజేతులదాకా చింతపండు జిగురు. నాయన పక్కనే కూర్చుని ఈనెలు లాగుతున్నాడు. గోడవార సంగటి తిన్న తట్టలు, ఊరుబిండి పచ్చడి గిన్నె అడుగంటా ఊడ్చి ఉన్నాయి. నేను గడప దగ్గర ఆగిపోయాను.

తిప్పేస్వామి నన్ను చూశాడు. అంతే, సుత్తి వదిలేసి లేచి నిలబడ్డాడు. మడమలు కలిశాయి. ఒళ్లో ఉన్న గింజలన్నీ నేల మీద రాలాయి.

నాయన తలెత్తి ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఆయన్ని చూశాడు. నేను చెప్పింది నిజమని అప్పుడు ఆయనకు తెలిసింది. నా నోటిదాకా "కూర్చో" అన్న మాట వచ్చింది. పళ్లు బిగపట్టి ఆపుకున్నాను.

"కూసోప్పా," అన్నాడు నాయన. "ఆయమ్మ వస్తే రానీ."

తిప్పేస్వామి నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఆయన నాయన వైపు తిరిగి, గోనెపట్టా మీద కూర్చుని, సుత్తి అందుకున్నాడు.

నేను లోపలికి పోయి, తలుపు చాటున నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా మాట లేకుండా ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

ఆయన వెళ్లాక అవ్వ నా చెవిలో చెప్పింది. "వచ్చినోడు వచ్చినట్టే 'ఆకలైతాంది అవ్వా, ఏముండాది' అన్నాడు. సంగటి పెడితే ఇంకో ముద్ద అడిగినాడు. మీ నాయన నోరు తెరుచుకోని చూస్తా ఉండినాడు."

నాయన చేతులు కడుక్కుంటూ అన్నాడు: "సుత్తి పట్టేది చేతకాదు పిల్లోనికి. గింజలన్నీ పగలగొట్టినాడు."

"అయితే ఏమంటావు నాయనా?"

"అనేదేముంది. నేర్చుకుంటాడు."

మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

మరుసటి సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు పెట్టాం. నెల ఆగాలి. ఆ నెలలో తిప్పేస్వామి లక్నోలోని మిలిటరీ ఆఫీసుకు పోయి, పేరు కొట్టించుకుని, పెట్టె సర్దుకుని వచ్చాడు. వచ్చిన రోజు స్టేషన్లో దిగి "సలోమీ" అన్నాడు. ఆ పేరు పలకడం రైల్లో దారి పొడవునా నేర్చుకున్నాడేమో, రెండుసార్లు అన్నాడు. ఇద్దరం సిగ్గుపడి చెరో పక్కకు చూశాం. నేను మళ్లీ డ్యూటీకి పోయేటప్పుడు నాతో వస్తానని, క్వార్టర్లో వంటా ఇల్లూ చూసుకుంటానని నాయన ఎదుటే చెప్పాడు. "ఈ మాట మా గ్యాంగులో చెప్పొద్దప్పా," అన్నాడు నాయన. రెండో రోజుకే గ్యాంగంతా "మేస్త్రీ, మీ అల్లుడు వంటలు బాగా చేస్తాడంట గదా" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. చెప్పింది నాయనే.

మే నెల మొదట్లో రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టాం. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. భోజనాలు మా ఇంట్లోనే. నాయన గ్యాంగు మనుషులు వంటలు చేసి, లోపల నేల మీద ఆకులు పరిచారు.

అప్పుడు వచ్చింది తిప్పేస్వామి తల్లి లక్ష్మక్క. వస్తుందని ఎవరూ అనుకోలేదు. అగళి నుంచి ఒంటరిగా వచ్చి, మా వాకిలి ఎదురుగా ఖైరున్‌బీ గోడ నీడలో నిలబడింది. తల మీద కొంగు, చేతిలో చిన్న సంచి. తిప్పేస్వామి పోయి పిలిచాడు. ఆమె కదల్లేదు. నేను పోయి కాళ్లకు దండం పెట్టాను. నా తల మీద చెయ్యి పెట్టింది గానీ వాకిలి వైపు చూడలేదు.

తిప్పేస్వామి వెనక్కి వచ్చి నాయన ముందు తల దించుకున్నాడు. "వచ్చిందే గొప్ప మామా. లోపలికి రాదు. మీరేమీ అనుకోవద్దు."

మునుపు అపార్థమని సర్దుకున్నాం. ఇది అపార్థం కాదు. నాయన గడపలో నిలబడి ఎదురుగా ఉన్న ఆమెను చూశాడు. ఆమె మొహం ఎండకు కంది ఉంది. ఎంత దూరం నుంచి వచ్చిందో, ఎవరెవరి మాటలు దాటి వచ్చిందో ఆ మొహం చూస్తే తెలుస్తోంది. నాయన మొహం మాత్రం నాకు అంతు పట్టలేదు.

"సంజీవప్పా," అని తన గ్యాంగులో పెద్దవాణ్ని పిలిచాడు. "గంగాళాలు బయటికి పట్టండి. ఆకులు గూడా."

"యాడికి మేస్త్రీ?"

"ఈదిలోకి. ఆ గోడ నీడకు. లోపల ఉక్కగా ఉండాది."

పట్టాలు మోసే మనుషులకు గంగాళాలు ఒక లెక్క కాదు. అన్నం, పప్పు, పాయసం అన్నీ వీధిలోకి వచ్చాయి. ఖైరున్‌బీ తన ఇంట్లోంచి చాపలు తెచ్చింది. గోడ పొడవునా భోజనాల బంతి పరుచుకుంది. లక్ష్మక్క నిలబడిన చోటికి చాప వచ్చింది, చాప ముందుకు ఆకు వచ్చింది. అవ్వ ఆమె పక్కన చతికిలబడి, "కూసోమ్మా, కాళ్లు గుంజుతాంటాయి" అంది. అటూ ఇటూ చూసి, చివరికి ఆమె కూర్చుంది.

నాయన ఎవరి చేతా వడ్డించనీయలేదు. తనే పాయసం బొక్కెన పట్టుకుని వరసగా వచ్చాడు. ఆమె ఆకు దగ్గర ఆగాడు. గరిటె నిండా తీసి పట్టుకున్నాడు, వెయ్యలేదు.

లక్ష్మక్క తలెత్తకుండా ఆకును కాస్త ముందుకు జరిపింది. నాయన వేశాడు. ఇంకో గరిటె తీసేసరికి ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"సాకప్పా, సాకు," అంది. చాలు అనడానికి వాళ్ల వైపు మాట అది.

మా నాయన ఆమె చెయ్యి తీసేదాకా అక్కడే ఉండి, ఇంకో గరిటె వేశాడు.